మడిచిన పురికొస పొట్ట చుట్టూ అందుతుందా?

"నా ప్యాంటు సైజు ముప్పై నాలుగు. అదే రాసేసుకో అమ్మా" అన్నాడు మావయ్య, అరుగు మీంచి లేవకుండానే.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త మాట్లాడేది తెలుగు, చేతిలో ఉన్న ఫారం ఒడియా. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఒక కాగితం నింపాలి. వయసెంత, పొగాకు అలవాటుందా, రోజూ మందు తాగుతారా, ఒళ్లు అలిసే పని ఏమైనా చేస్తారా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని వరసగా గళ్లుంటాయి. వాటి మధ్యలో నడుము కొలతకి ఒక గడి.

ఆమె ముప్పై నాలుగు రాయలేదు. సంచీలోంచి టేపు తీసి, "ప్యాంటు కట్టే చోటు కాదు మావయ్యా, దానికి పైన చూడాలి. చొక్కా కాస్త ఎత్తండి, ఊపిరి బిగపట్టకండి" అంది.

టేపు 37 అంగుళాలు చూపించింది. రెండో వైపు తిప్పితే 94 సెంటీమీటర్లు. మావయ్య నమ్మలేదు. "మొలతాడు మార్చి ఎన్నేళ్లయిందో తెలుసా? ఇంకా వదులుగానే ఉంది" అన్నాడు. ఆ మాటా నిజమే. మొలతాడు పొట్ట కిందకి జారి తుంటి మీద కూర్చుంటుంది. పైన పొట్ట ఎంత ముందుకొచ్చినా దాని బిగువు మారదు. ప్యాంటూ అంతే. పొట్ట పెరిగే కొద్దీ మనం ప్యాంటుని కిందకి దించుకుంటూ పోతాం గానీ సైజు మార్చం.

ఆ మూడు అంగుళాల తేడా గురించే ఈ వ్యాసం.

మావయ్య బరువు 62 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. నలుగురిలో నిలబడితే సన్నగానే కనిపిస్తాడు. చేతులు, కాళ్లు పుల్లల్లా ఉంటాయి. అంతకు ముందు ఏడాది ఒక క్లినిక్‌కి వెళ్తే బరువు చూసి, ఎత్తుకు తగ్గ బరువే ఉన్నారు, భయం లేదని పంపించేశారు. మేమంతా ఆ మాట పట్టుకుని ధైర్యంగా ఉన్నాం. ఈసారి ఫారంలో మార్కులు నాలుగు దాటాయి కాబట్టి ఆశా కార్యకర్త సబ్‌సెంటర్‌కి వెళ్లి తీరాలంది. అక్కడ పరగడుపున షుగర్ 148 వచ్చింది. ల్యాబులో మళ్లీ చేయించినా 140 పైనే. పరగడుపున 126, ఆపైన రెండుసార్లు వస్తే మధుమేహం కిందే లెక్క.

క్లినిక్‌లో కాటా తప్పు చూపించలేదు. ఒంట్లో ఎంత బరువుందో చెప్పింది. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరింది అనేది కాటాకి తెలిసే వీల్లేదు. అది వాళ్లు చూడలేదు, మేమూ అడగలేదు.

బీఎంఐ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో ఇంకోసారి భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మావయ్యది 22.8. పుస్తకాల ప్రకారం చక్కని అంకె.

ఈ లెక్క మొదట కట్టింది డాక్టరు కాదు. బెల్జియంకి చెందిన అడాల్ఫ్ కెట్లే ఖగోళ శాస్త్రం, గణాంకాలు తెలిసిన మనిషి. సగటు మనిషి ఎలా ఉంటాడో అంకెల్లో పట్టుకోవాలని 1830ల్లో ఎత్తుకీ బరువుకీ ఉన్న సంబంధం వెతికాడు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం, 1972లో. ఐదు దేశాల్లో ఏడు వేల మందికి పైగా మగవాళ్లను చూసి, జనాన్ని గుంపులుగా పోల్చడానికి ఈ లెక్క బాగా పనికొస్తుందని వాళ్లు చెప్పారు. గుంపుల మాట వచ్చినప్పుడు ఇప్పటికీ అంతే. ఒక జిల్లాలో పదేళ్ల కిందటికీ ఇప్పటికీ జనం లావెక్కారా, చిక్కారా తెలియాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు. బీఎంఐ పనికిరాని చెత్త అనే మాటతో నేను ఏకీభవించను. గుంపుకి సరిపోయిన లెక్కని ఒక్క మనిషి మీద పెట్టి, దాంతోనే తీర్పు చెప్పేయడం దగ్గర వస్తోంది చిక్కు.

మా బజార్లో బియ్యం బస్తాలు మోసే కళాసీ కుర్రాడు ఒకడున్నాడు. ఎత్తు 172, బరువు 78. బీఎంఐ 26.4. మన దేశంలో వాడే లెక్క ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే ఆ కుర్రాడు ఊబకాయం ఉన్నవాడు, మావయ్య ఆరోగ్యవంతుడు. కానీ ఆ కుర్రాడి నడుము 82 సెంటీమీటర్లే. వాడి బరువు వీపులో, తొడల్లో, భుజాల్లో కండై ఉంది. మావయ్యకి చేతుల్లో కండ కరిగిపోయింది, పొట్టలో కొవ్వు చేరింది. ఇటు తగ్గింది, అటు పెరిగింది కాబట్టి కాటా మీద ముల్లు కదల్లేదు.

మన ఒళ్లలో ఇది మరీ ఎక్కువ అని చూపించిన ఒక ఫోటో ఉంది. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్నది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. పరికరంతో ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఒకే అంకె వెనక రెట్టింపుకి మించిన తేడా. ఇద్దరూ తమ ఒళ్లనే ముందు పెట్టి చూపించారు కాబట్టి ఈ విషయం ఎవరికి చెప్పాలన్నా నాకు ముందు ఆ ఫోటోయే గుర్తొస్తుంది.

గాదె నిండితే ధాన్యం ఎక్కడ పోస్తాం

కొవ్వు కొవ్వే కదా, తొడ మీద ఉంటే ఏమిటి, పొట్టలో ఉంటే ఏమిటి అని అడగొచ్చు. ఇక్కడే అసలు కథ ఉంది.

ఒళ్లు ఖర్చు పెట్టగా మిగిలిన తిండిని కొవ్వుగా మార్చి దాస్తుంది. దాచడానికి దానికో గాదె ఉంది: చర్మం కింద, ముఖ్యంగా తొడలు, పిరుదులు, చేతుల దగ్గర. అక్కడ దాచిన కొవ్వు చాలావరకు కుదురుగా ఉంటుంది. పంట బాగా పండి గాదె నిండిపోయిందనుకోండి. మిగిలిన ధాన్యం వసారాలో పోస్తాం. అదీ నిండితే వంటింట్లోకి తెస్తాం. వంటింట్లో బస్తాలు పేరిస్తే వండే మనిషి తిరగడానికి చోటుండదు. ఒంట్లో వంటిల్లు లాంటిది కాలేయం. చర్మం కింద చోటు చాలనప్పుడు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలోకి, క్లోమంలోకి చేరుతుంది.

పేగుల చుట్టూ ఉన్న కొవ్వు ఊరికే కూర్చోదు. అది కరిగి విడిచిపెట్టే కొవ్వు ఆమ్లాలు పేగుల దగ్గర నుంచి కాలేయానికి వెళ్లే పెద్ద సిరలో కలిసి నేరుగా కాలేయానికి చేరతాయి. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. రక్తంలో చక్కెర చాలినంత ఉన్నా తాను ఇంకా తయారుచేసి పంపుతుంది. రక్తంలో తిరిగే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుల్ని పెంచుతుంది. క్లోమం మరింత ఇన్సులిన్ చెయ్యాల్సొస్తుంది, కొన్నేళ్లకి అలిసిపోతుంది. ఈ లోపలి కొవ్వు నుంచి వాపు కలిగించే పదార్థాలు కూడా విడుదలై రక్తనాళాలను పాడుచేస్తాయి. షుగర్, బీపీ, గుండెజబ్బు, ఫ్యాటీ లివర్ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో గుంపుగా రావడానికి ఒక పెద్ద కారణం ఇది.

మనవాళ్ల దగ్గర గాదె చిన్నది. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు తక్కువ కాబట్టి తొందరగా నిండి లోపలికి పొంగుతుంది. ఇంగ్లండు మనిషికి 30 బీఎంఐ దగ్గర వచ్చే ముప్పు మనకి అంతకన్నా చాలా ముందే వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో ఆసియా జనానికి 23, 27.5 దగ్గరే జాగ్రత్తపడాలని చెప్పింది. నడుముకీ అంతే. తెల్లవాళ్లలో మగవాళ్లకి 102, ఆడవాళ్లకి 88 సెంటీమీటర్లు దాటితే పెద్ద ముప్పు అంటే, మనకి 90, 80 దాటగానే జాగ్రత్త పడాలి. అంగుళాల్లో దాదాపు ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర.

కొవ్వు ఎక్కడ చేరిందనేది ముఖ్యం అని ఫ్రాన్స్ డాక్టర్ జాన్ వాగ్ 1947లోనే రాశాడు. దాన్ని పెద్ద ఎత్తున రుజువు చేసింది 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం. దాదాపు 27 వేల మందిని చూస్తే, గుండెపోటు ముప్పుని పట్టివ్వడంలో బీఎంఐ కన్నా నడుముకీ తుంటికీ ఉన్న నిష్పత్తి ఎంతో మెరుగ్గా నిలిచింది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ రెండు కొలతలూ తీసుకున్నారు. బీఎంఐ 25, ఆపైన ఉన్న ఆడవాళ్లు 24 శాతం. నడుము–తుంటి నిష్పత్తి ప్రకారం ముప్పులో ఉన్నవాళ్లు 57 శాతం. మగవాళ్లలో 23 శాతానికి 48 శాతం. ఈ తేడాలో ఉన్నవాళ్లలో చాలామంది మా మావయ్య లాంటివాళ్లే. కాటా మీద ఏ లోటూ కనబడనివాళ్లు.

నడుము అంటే ఏ చోటు?

చిక్కు భాషలోనే ఉంది. తెలుగులో నడుము నొప్పి అంటే వెన్ను కింది భాగం. నడుముకి చీర చుట్టామంటే తుంటి మీద. వడ్డాణం పెట్టుకునేదీ నడుమే. ఒడియాలో అంటా అనే మాట కూడా ఇలాగే వెన్నుకీ, బట్ట కట్టే చోటుకీ రెండిటికీ నడుస్తుంది. అందుకని ఏ భాషలో అడిగినా జనం బట్ట కట్టే చోటే చూపిస్తారు. మా అత్తమ్మని అడిగితే లంగా బొందు పడి నల్లటి చార కట్టిన చోట వేలు పెట్టి చూపించింది. కొలవాల్సిన చోటు దానికి నాలుగు వేళ్లు పైన ఉంది.

ఆ చోటు ఎలా కనుక్కోవాలో ఆశా కార్యకర్త అత్తమ్మకి చూపించిన పద్ధతే చెప్తాను. కోపంగా నిలబడినప్పుడు చేతులు పక్కల మీద పెట్టుకుంటాం చూడండి, అలా పెట్టుకోండి. అరచేతి అంచుకి కింద గట్టిగా తగిలేది తుంటి ఎముక పై అంచు. ఇప్పుడు వేళ్లతో పక్కనుంచి పైకి తడుముకుంటూ వెళ్తే మెత్తటి చోటు దాటాక మళ్లీ ఎముక తగులుతుంది. అది అన్నిటికన్నా కిందనున్న పక్కటెముక. ఈ రెండు ఎముకలకీ సరిగ్గా మధ్య పెన్నుతో చుక్క పెట్టండి. టేపు ఆ చుక్క మీదుగా వెళ్లాలి. అది చాలామందికి బొడ్డుకి అటూ ఇటుగా పడుతుంది గానీ, పొట్ట జారినవాళ్లకి బొడ్డు కూడా కిందకి జారుతుంది కాబట్టి బొడ్డుని నమ్ముకోకూడదు. అమెరికా సర్వేల్లో తుంటి ఎముక అంచుకి ఆనించి పైన కొలుస్తారు, కాస్త తేడా వస్తుంది. ఏ చోటు ఎంచుకున్నా ప్రతిసారీ అదే చోట కొలవడం ముఖ్యం.

అన్నం తినకముందు కొలవాలి. పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, చేతులు వదులుగా వదిలేసి, మామూలుగా ఊపిరి తీసి వదిలిపెట్టాక, ఆ వదిలిన చివర్లో అంకె చూడాలి. టేపు ఒంటిని ఆనుకోవాలి గానీ నొక్కకూడదు. వెనక వైపు టేపు కిందకి జారిపోవడం మామూలుగా జరిగే తప్పు. అది చూడటానికి ఇంకో మనిషి ఉంటే మంచిది. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. దర్జీ టేపుకి ఒకవైపు అంగుళాలు, రెండో వైపు సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి రాసేటప్పుడు ఏ వైపు చూశామో పక్కన రాసుకోవాలి. దర్జీ షాపుల్లో ఏళ్ల తరబడి వాడిన టేపు సాగిపోయి ఉంటుంది, దాన్ని తెచ్చుకోకండి.

అంకెలు అక్కర్లేని పద్ధతి

90, 80 అనే గీతలకి ఒక లోటుంది. అవి పొడుగువాళ్లకీ పొట్టివాళ్లకీ ఒకటే. మా వైపు 145 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడవాళ్లు ఇంటింటికీ కనిపిస్తారు. అంత ఎత్తున్న మనిషికి నడుము 78 ఉంటే ఫారంలో ఒక్క మార్కు కూడా పడదు. కానీ ఆమె ఎత్తులో సగం 72.5 మాత్రమే. ఆ చిన్న ఒంటికి 78 ఎక్కువే.

ఈ లోటుని తీర్చేది నడుము–ఎత్తు నిష్పత్తి. నడుము ఎత్తులో సగం దాటకూడదు, అంతే సూత్రం. బ్రిటన్‌లో మార్గరెట్ యాష్‌వెల్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1990ల నుంచి దీని గురించి చెప్తూ వచ్చారు. 2022లో ఆ దేశపు వైద్య మార్గదర్శక సంస్థ నైస్ దీన్ని తన సూచనల్లోకి తీసుకుంది: 0.5కి లోపల ఉంటే మంచిది, 0.5 నుంచి 0.59 దాకా ముప్పు పెరిగినట్టు, 0.6, ఆపైన ఉంటే మరీ ఎక్కువ. ఆడా మగా తేడా లేదు, జాతుల తేడా లేదు. మావయ్యది 94ని 165తో భాగిస్తే 0.57.

ఇంటి వాడకానికి నేను మొదట ఓటు వేసేది ఈ కొలతకే. దీనికి టేపు కూడా అక్కర్లేదు. ఒక పురికొస చాలు. మనిషిని గోడకి ఆనించి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా పురికొస పట్టి కత్తిరించండి. దాన్ని సరిగ్గా సగానికి మడవండి. మడిచిన పురికొసని ఇందాక చుక్క పెట్టిన చోట పొట్ట చుట్టూ తిప్పండి. రెండు చివర్లూ కలిస్తే సరే. కలవకపోతే సబ్‌సెంటర్‌కి వెళ్లి షుగర్, బీపీ చూపించుకోండి. ఇందులో చదవాల్సిన అంకె లేదు, నింపాల్సిన ఫారం లేదు. తెలుగు ఇంట్లో, ఒడియా ఇంట్లో, కొండమీద సవర గూడెంలో ఒకేలా పనిచేస్తుంది.

మావయ్యకి చుట్టి చూస్తే చివర్ల మధ్య ఆరు వేళ్ల ఎడం ఉండిపోయింది. 94 అంటే నమ్మని మనిషి ఆ ఎడం చూసి ఏమీ మాట్లాడలేదు.

ఇవి కాక ఇంకా చాలా కొలతలున్నాయి. మెడ చుట్టుకొలత, ఒంటి గుండ్రదనం లెక్క, జిమ్ముల్లో కాళ్లు పెట్టి నిలబడితే కొవ్వు శాతం చెప్పే మిషను. ఆ మిషను ఒంట్లోకి చిన్న కరెంటు పంపి లెక్క కడుతుంది కాబట్టి నీళ్లు తాగామా, చెమట పట్టిందా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. వాటి కోసం డబ్బు పెట్టే పని లేదు.

చేతికి ఒక టేపు, నడుముకి ఒక టేపు

మా జిల్లాలో ఇంకో టేపు తిరుగుతూ ఉంటుంది. అంగన్‌వాడీలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల జబ్బకి చుట్టే మూడు రంగుల టేపు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, తీవ్రమైన పోషకాహార లోపం. 12.5 దాకా పసుపు. ఆపైన పచ్చ. గజపతి, రాయగడ కొండ గ్రామాల్లో ఎక్కువమందికి తెలిసిన ఒంటి కొలత అదే. లావు గురించి మాట్లాడితే అక్కడి తల్లులకి వింతగా ఉంటుంది. మా పిల్లకి తిండే ఒంటబట్టడం లేదమ్మా, నడుము ఎవరు చూస్తారు అంటారు.

కానీ ఆ రెండు టేపులూ ఒకే కథకి రెండు చివర్లు. యాజ్ఞిక్ బృందం 1993 నుంచి పుణే దగ్గరి ఆరు పల్లెల్లో గర్భిణులను, పుట్టిన పిల్లలను చూస్తూ వచ్చింది. అక్కడి పిల్లలు పుట్టినప్పుడు సగటున 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. పుణే పిల్లల్లో కండ తక్కువ, పొట్ట దగ్గరి అవయవాలు చిన్నవి. చర్మం కింది కొవ్వు మాత్రం వాటితో పోలిస్తే అంతగా తగ్గలేదు. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వున్న మావయ్య లాంటి ఒళ్లు అమ్మ కడుపులోనే తయారవుతున్నాయన్నమాట. కడుపులో ఉండగా తిండి చాలని పిల్ల, తర్వాత రోజూ మూడు పూటలా అన్నం, సాయంత్రం ముడీ (మరమరాలు) ఆలూ చాప్, కూర్చుని చేసే పని అలవాటైతే, ఆ చిన్న గాదె తొందరగా పొంగుతుంది. కొండ మీంచి దిగి వచ్చి టౌనులో దుకాణం పెట్టుకున్న కుటుంబంలో షుగర్ ఒక్క తరంలో ఎలా వచ్చిందని అడిగేవాళ్లకి ఇది కొంత జవాబు. కాబట్టి కోడలి తిండి, ఆమె రక్తహీనత పట్టించుకోవడం కూడా పుట్టబోయే మనవడి నడుము సంగతే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పురికొస కలిసింది కదా, ఇక షుగర్ రాదు అనుకోవద్దు. బాగా చిక్కిన మనుషులకి, చిన్నప్పటి నుంచి తిండి చాలక పెరిగినవాళ్లకి వచ్చే మధుమేహం వేరే ఉంది. దాన్ని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2025 ఏప్రిల్‌లో టైప్ 5 అనే పేరుతో గుర్తించింది. మనిషి ఉన్నట్టుండి చిక్కిపోతున్నా, ఎక్కువసార్లు మూత్రానికి లేస్తున్నా, దాహం తీరకపోయినా నడుము ఎంతున్నా సరే రక్తపరీక్ష చేయించాలి. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉండటం కూడా ముప్పే. టీబీ ఉన్న ఇళ్లలో ఇది మరీ గుర్తుంచుకోవాలి.

గర్భిణులకి నడుము కొలత వర్తించదు. పొట్టలో నీరు చేరినవాళ్లకి, పెద్ద హెర్నియా ఉన్నవాళ్లకి అది తప్పు చెప్తుంది. వెన్ను వంగిన ముసలివాళ్లకి ఎత్తు సరిగా రాదు కాబట్టి సగం ఎత్తు లెక్క కూడా అంత నికరంగా ఉండదు. వాళ్ల విషయంలో కండ తగ్గిందా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా అన్నది నేను ముందు చూస్తాను. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలో కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్లుతుంది. బరువు మారకుండానే జాకెట్టు కొలత మారిందని అత్తమ్మ అనేది అందుకే. ఆ వయసులో ఏడాదికోసారైనా పురికొస చుట్టి చూసుకోవాలి.

ఇక టేపు ఎంత చూపించినా అది చర్మం కింది కొవ్వు ఎంత, లోపలి కొవ్వు ఎంత అని విడదీసి చెప్పలేదు. అది స్కానింగ్‌లోనే తెలుస్తుంది, దానికోసం బరంపురం పరుగెత్తాల్సిన పని ఎవరికీ లేదు. నడుము కొలత జబ్బు ఉందని చెప్పదు, ఎవరిని ముందు పరీక్ష చెయ్యాలో చెప్తుంది. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా దాదాపు ఇదే దారి పట్టింది. ఒక్క బీఎంఐ చూసి మనిషికి ఊబకాయం అని తేల్చొద్దు, నడుము లాంటి ఇంకో కొలత తోడుండాలి, ఆపైన అవయవాల పనితీరు దెబ్బతిందా లేదా చూడాలి అంది. లావుగా ఉన్నవాళ్లందరూ రోగులు కారు, సన్నగా ఉన్నవాళ్లందరూ క్షేమం కాదు. లావుగా ఉన్న ఆడపిల్లల్ని పెళ్లిళ్లలో, బస్సుల్లో వెక్కిరించే మన అలవాటుకి వైద్యంలో ఏ ఆధారమూ లేదు. ఆ వెక్కిరింతకి భయపడి కొలిపించుకోవడానికే రానివాళ్లున్నారు. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు వీధి అరుగు మీద నలుగురి ముందు ఆడవాళ్ల నడుము కొలిచి అంకె పైకి చదవడం కూడా ఆపాలి. లోపలి గదిలో, మెల్లగా చెప్పినా పని జరుగుతుంది.

పురికొస చివర్ల మధ్య ఎడం తగ్గాలంటే బరువు పదుల కిలోలు తగ్గక్కర్లేదు. చెన్నై డాక్టర్లు మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందిని సుమారు రెండున్నరేళ్లు చూసి 2006లో ఫలితాలు ప్రకటించారు. తిండి మార్చుకుని, నడక పెంచుకున్నవాళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. అందులో నాకు ధైర్యం ఇచ్చిన సంగతి, వాళ్లకి బరువు పెద్దగా తగ్గలేదు. అయినా లాభం కనిపించింది. వారం వారం కాటా ఎక్కి ముల్లు కదల్లేదని విసిగి నడక మానేసేవాళ్లకి ఈ మాట చెప్పాలి.

మావయ్యకి డాక్టరు మాత్ర రాశారు. రాత్రి అన్నం సగం చేసి పప్పు, కూర పెంచాడు. పొద్దున్నే పాతపట్నం రోడ్డు మీద నడుస్తున్నాడు, సాయంత్రం ముడీతో చాప్ మానేసి వేయించిన శనగలు తింటున్నాడు. ఎనిమిది నెలలకి బరువు రెండు కిలోలే తగ్గింది. నడుము 94 నుంచి 89కి వచ్చింది. పరగడుపు షుగర్ 118. మాత్ర ఇంకా ఆపలేదు, ఆపమని అడగొద్దని డాక్టరు చెప్పారు.

మావయ్యకి చుట్టిన పురికొస ఇప్పుడు క్యాలెండర్ మేకుకి వేలాడుతోంది. పక్కన అత్తమ్మది ఇంకోటి చేరింది. రెండూ కలిసిపోతున్నాయని తనదానికి చివర్లో ఎర్ర దారం కట్టుకుంది. మొన్న చుట్టి చూస్తే మావయ్య చివర్ల మధ్య మూడు వేళ్లు పట్టి నాలుగోది సగం దూరింది.